నేను నాలుగింతలు చేసిన భూమి

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. నాకు మరీను. కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకుని, ఖతార్ వచ్చి, తెల్ల హెల్మెట్ పెట్టుకున్న మొదటి ఎండాకాలం అది (మిగతావాళ్ళవి పసుపుపచ్చవి, ఆ తేడా నాకు నిద్రలో కూడా గుర్తుండేది). ముఐథర్‌లోని మా సైటులో భూమిని కొలిచే అవకాశం నాకే దక్కింది.

సైటులో కడ్డీలు కట్టే ముఠాకి పెద్దగా ఉన్నాయన్ని అందరం పెద్దన్న అనేవాళ్ళం. జగిత్యాల దగ్గర పల్లె ఆయనది. కూతురు తొమ్మిదో తరగతి. ఆ ఏడు వేసవి సెలవులకు వస్తానని పిల్లకు మాటిచ్చి, కంపెనీ సెలవు ఇవ్వకపోవడంతో వెళ్ళలేకపోయాడు. అప్పటినుంచి ఆ పిల్ల ఫోన్‌లో 'ఆ', 'ఊఁ' తప్ప పలకడం మానేసింది. అలాంటిది జూలై చివర్లో తనే ఫోన్ చేసి, బళ్ళో సైన్సు సారు ప్రాజెక్టు ఇచ్చాడని, సగం తను కొలుస్తానని, మిగతా సగం బాపే కొలవాలని చెప్పిందట. "నువ్వు దుబాయ్‌ల ఉన్నందుకు గిప్పుడన్న పనికొస్తవ్ బాపూ అన్నది సార్," అని పెద్దన్న మురిసిపోతూ చెప్పాడు (వాళ్ళ వైపు గల్ఫ్ దేశాలన్నీ దుబాయే). అందులో మురవడానికి ఏముందో నాకప్పుడు అర్థం కాలేదు (ఇప్పుడు నాకూ ఒక కూతురుంది).

కొలవాల్సింది భూమిని. వెనకటికి ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు, ఒక ఊళ్ళో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికొచ్చి నీడే పడని రోజున, ఉత్తరాన ఉన్న ఇంకో ఊళ్ళో నీడ ఎంత పడుతుందో చూసి, ఆ కోణాన్నీ రెండు ఊళ్ళ మధ్య దూరాన్నీ పట్టుకుని భూమి చుట్టుకొలత కట్టేశాడు. జగిత్యాల వైపు నీడ మాయమయ్యే రోజు ఏటా రెండుసార్లు వస్తుంది, రెండోది ఆ వారంలోనే. ఖతార్‌లో ఎన్నడూ రాదు. "ఇంతేనా! నేను చూసుకుంటాను పెద్దన్నా," అన్నాను.

ఆ రోజు అక్కడ పొద్దున్నుంచీ మబ్బు పట్టినా సరిగ్గా వేళకు ఎండ కాసిందట. "బాపూ, కట్టె నీడ కట్టె కిందికే పోయింది!" అంటూ పిల్ల వీడియో పంపింది. మాకింకా రెండు గంటల టైముంది (సూర్యుడు కూడా ముందు మన ఇంటికి వెళ్ళాకే మా దగ్గరికి వచ్చేది). తీరా మా వంతు వచ్చేసరికి ఒక చిక్కు. ఎండాకాలం మధ్యాహ్నం ఆరుబయట పని చేయించడం ఖతార్‌లో నిషేధం. అందరూ నీడపట్టున చేరిన వేళ మేమిద్దరం ఇసుకలో కడ్డీ నిలువుగా పాతి కూర్చోగానే, ఈజిప్టు దేశస్థుడైన మా సేఫ్టీ ఆఫీసరు గొడుగేసుకుని పరుగెత్తుకొచ్చాడు. "మాఫీ షుగుల్! కామ్ బంద్! యల్లా, అందర్ జావో!" అంటూ, పని ఆపి లోపలికి పొమ్మని అరబ్బీ, హిందీ కలిపి అరిచాడు. ఆయన గొడుగు నీడలో మా కడ్డీ నీడ కాస్తా కలిసిపోయింది. పెద్దన్న ముఖం పాలిపోయింది. "సార్, జర ఆయనకు చెప్పుండ్రి. గిది తప్పితె బిడ్డ మళ్ల నాతోని మాట్లాడదు." ఇది పని కాదు మహాప్రభో, భూమిని కొలుస్తున్నాం, దీన్ని మొదట కొలిచింది మీ దేశంలోనే, అలెగ్జాండ్రియాలో, అని వచ్చీరాని హిందీలో మొత్తుకున్నాను. "ఇస్కందరియా?" అంటూ ఆయన గొడుగు ఠక్కున ముడిచేశాడు. "వో తో మేరా షహర్ హై!" అది ఆయన సొంత ఊరట. ఆ తర్వాత టేపు రెండో కొస పట్టుకుని ఎండలో మాతోపాటు కూర్చున్నది ఆయనే.

కోణం కట్టాను. ఇక దూరం. "విమానంల టీవీ మీద చూసిన సార్, మూడు వేల కిలోమీటర్లకు జర తక్కువ," అన్నాడు పెద్దన్న. హెచ్చవేస్తే భూమి ఉండాల్సినదానికి నాలుగింతలు తేలింది! మళ్ళీ కట్టాను, మళ్ళీ అంతే. ఆఫీసరు తన ఊరి పరువు నేనే తీసినట్టు చూశాడు. పెద్దన్న మాత్రం, "గదే పంపుండ్రి సార్. నాకైతె కరెక్టే అనిపిస్తుంది. ఇల్లు గంత దూరమే ఉన్నది," అన్నాడు. నవ్వబోయిన వాణ్ణి ఎందుకో ఆగిపోయాను.

సాయంత్రానికి గాని నా బుర్ర వెలగలేదు. విమానం ఏటవాలుగా ఎగిరిన దూరం కాదు, ఉత్తర దక్షిణాల మధ్య దూరమే లెక్కలోకి రావాలి. మ్యాపు చూసి దిద్దేసరికి భూమి బుద్ధిగా తన సైజుకు వచ్చింది. పెద్దన్న ఫోన్ స్పీకర్లో పెడితే గర్వంగా పిల్లకు చెప్పాను. "అంటె సారూ, మీరు మొదాలు చెప్పినంత పెద్దగ లేదా?" "లేదమ్మా, అందులో నాలుగో వంతే." "ఇన్నవా బాపూ? దగ్గరనేనట. మరెప్పుడొస్తవ్?"

పెద్దన్న ఫోన్ తీసుకుని పక్కకు వెళ్ళాడు. ఏం చెప్పాడో వినపడలేదు గాని, చాలాసేపటిదాకా ఆ పిల్ల మాట్లాడుతూనే ఉంది, ఈయన తలాడిస్తూనే ఉన్నాడు. భూమిని కొలిచినందుకు ఎవరైనా మెచ్చుకుంటారేమోనని అక్కడే నిలబడ్డ ఆ కుర్ర ఇంజనీరును తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. కాసేపు చూసి, తనూ జేబులోంచి ఫోన్ తీసి కాకినాడకు చేశాడు. "ఏరా, ఇవాళ శుక్రవారం కూడా కాదే?" అని, వారానికోసారి సెలవునాడే తప్ప ఫోన్ చేయని కొడుకు గొంతు విని అమ్మ కంగారుపడితే, "ఊరికేనే అమ్మా," అన్నాడు.