రెండు వందల పదహారు ముక్కల పెట్టె

ఉద్యోగ విరమణకు ఆరేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నన్ను శంషాబాద్ విమానాశ్రయంలో పనిచేసే ఒక గ్రౌండ్ హ్యాండ్లింగ్ కంపెనీ వర్క్‌షాప్‌కు సీనియర్ ఫోర్‌మన్‌గా తీసుకున్నారు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. విమానాల జోలికి మేం వెళ్లం. విమానం చుట్టూ నేల మీద తిరిగే బండ్లు మావి: సామాన్లు లాగే ట్రాక్టర్లు, మెట్ల బండ్లు, పెట్టెలను పైకి ఎక్కించే బెల్ట్ లోడర్లు. మా బంధువులు మాత్రం నేను విమానాలు బాగుచేస్తానని పెళ్లిళ్లలో చెప్పుకునేవారు. నేనూ కాదనలేదు.

అంతకు ముందు ఇరవై రెండేళ్లు గగన్‌పహాడ్ రిపేరు షెడ్లలో పనిచేశాను. అక్కడ ఎవరి పానాలు వాళ్లే తెచ్చుకోవాలి. సొంత జేబులోంచి తీసి కొన్నవాడికి పనిముట్టు ఎలా చూడాలో ఎవరూ నేర్పనక్కర్లేదు. ఈ కంపెనీలో పనిముట్లు కంపెనీ ఇస్తుంది. విమానాలు నిలిచే చోటికి వెళ్లే ప్రతి పానా మీద నంబరు చెక్కి ఉండాలి. షిఫ్టు దిగేముందు ప్రతిదీ పెట్టెలో దాని గుంటలో కనిపించాలి. నేల మీద పడిన చిన్న ఇనుప ముక్కను విమానం ఇంజిన్ లోపలికి పీల్చుకుంటే ఏమవుతుందో మొదటి రోజే మాకు వీడియో వేసి చూపించారు. ఆ ఒక్క విషయంలో కంపెనీని తప్పుపట్టలేను.

ఆ ఏడాది పన్నెండు మంది మెకానిక్‌లకు కొత్త పనిముట్ల పెట్టెలు కొనాలని తేల్చారు. ఒక్కో పెట్టెకు పై ఆఫీసు కేటాయించిన మొత్తం ఎంత ఘనమైనదంటే, పేరున్న విదేశీ రాట్చెట్ ఒక్కటి కొంటే సగం హరించుకుపోతుంది. రాట్చెట్ అంటే బోల్టు మీదనుంచి తీయకుండానే ముందుకూ వెనక్కూ ఆడిస్తూ బిగించే పిడి. డబ్బు తక్కువ ఉన్నప్పుడు వస్తువులు తక్కువ కొనాలి. ఈ మాట అర్థం కావడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మా ఆఫీసును చూశాక, పెద్ద చదువు ఉంటే అర్థం కాదేమో అనిపించింది.

ఏ బండికి ఏ పని చేశామో రాసుకునే పాత జాబ్ కార్డులు తిరగేశాను. మా బండ్ల పని దాదాపు అంతా ఎనిమిది సైజులతోనే నడుస్తోంది. పంతొమ్మిది వస్తువులతో జాబితా రాశాను. బలం పడే పానాలకు, సాకెట్లకు, రాట్చెట్‌కు డబ్బు పెట్టాలి. టార్చి, బ్రష్షు, నూనె డబ్బా లాంటివి చౌకవి చాలు. రాట్చెట్ కొసకు తగిలించి నట్టు మీద తొడిగే సాకెట్లను మన షెడ్లలో గోటీలు అంటారు. లోపల ఆరు మూలలున్న గోటీలే తీసుకోవాలి. పన్నెండు మూలలవి తుప్పుపట్టిన బోల్టు తలను అరగదీసి గుండ్రంగా చేసి పెడతాయి, ఆ తర్వాత దాన్ని విప్పడం ఎవరి తరమూ కాదు.

ఒక సెలవు రోజు మందం కొలిచే వెర్నియర్, చిన్న ఆకురాయి జేబులో వేసుకుని రాణిగంజ్ పనిముట్ల దుకాణాలకు వెళ్లాను. పానా అంచున ఆకురాయి పెట్టి రాస్తే జారిపోవాలి. పట్టుకుని పొడి రాలిందంటే అది మెత్తని ఇనుము. గోటీని వెలుతురుకు ఎత్తి చూడాలి. రంధ్రం సరిగ్గా నడుమ ఉండాలి, చుట్టూ గోడ ఒకే మందం ఉండాలి. మెరుపును లెక్కలోకి తీసుకోకూడదు, మెరుపు ఎవరైనా పూయగలరు. గట్టి ఉక్కని నమ్మించే క్రోమ్ వెనేడియం అచ్చు గుద్దడానికి క్రోమూ అక్కర్లేదు, వెనేడియమూ అక్కర్లేదు. ఒక దుకాణదారు నా వాలకం చూసి, "సార్, మీరు కొననీకె వచ్చిన్రా, పరీక్ష పెట్టనీకె వచ్చిన్రా? ఆకురాయి పెడితే మాల్ ఖరాబైతది" అన్నాడు. ఖరాబయ్యే మాల్ నాకొద్దని చెప్పి పక్క దుకాణానికి వెళ్లాను. సాయంత్రానికి, ఇచ్చిన మొత్తంలోనే పంతొమ్మిది వస్తువులకూ కొటేషన్ దొరికింది. అన్నీ ఇక్కడే తయారైనవి, చూడటానికి మొరటువి, పనికి గట్టివి.

మా మెటీరియల్స్ మేనేజర్ ప్రసాద్ గారు విజయవాడ వైపు మనిషి. మర్యాదస్తుడు. ఈ భూమ్మీద ఒక్క నట్టు విప్పిన పాపాన పోలేదు. ఆయన మీటింగుకు ఒక ప్లాస్టిక్ పెట్టె పట్టుకొచ్చి మూత తెరిచారు. లోపల అన్నీ తళతళలే. నలుగురు మేనేజర్లు పెళ్లిచూపులకు వచ్చినవాళ్లలా దాని చుట్టూ చేరారు. "అదే డబ్బుకి రెండు వందల పదహారు వస్తున్నాయండీ. మీరు పంతొమ్మిది అంటున్నారు. పైవాళ్లకి నేనేమని చెప్పుకోనండీ?" అన్నారు ప్రసాద్ గారు. ఆ రెండు వందల పదహారులో సగానికి పైగా స్క్రూ బిట్లు. వాటిలో చాలావాటికి సరిపోయే స్క్రూ మా వర్క్‌షాప్‌లోనే లేదు. పిల్లల పుట్టినరోజుకు కొనిచ్చే సరుకిది అని చెప్పాను. అలా అనకుండా, పక్కన కూర్చోబెట్టి ఒక గోటీ చేతికిచ్చి చూపిస్తే వినేవారేమో. అందరూ నవ్వి ఆర్డరు పెట్టారు.

సరుకు వచ్చింది. కొన్నది స్టోర్‌లోకి చేరాలంటే ఇన్‌స్పెక్షన్ నోట్ అనే కాగితం మీద, వాడేవాళ్ల తరఫున ఒకరు సంతకం చేయాలి. పరీక్షించి అంగీకరించడమైనది అని దాని మీద అచ్చువేసి ఉంటుంది. ఆ సంతకం ఫోర్‌మన్‌ది. ఒక పెట్టె తెరిచి, చక్రాల నట్లకు పట్టే ఇరవై నాలుగో నంబరు గోటీ తీసి ట్యూబ్‌లైటుకు ఎత్తి చూశాను. రంధ్రం పక్కకు జరిగి ఉంది. గోడ ఒకవైపు మందం, ఇంకోవైపు పలుచన. వెనక్కి పంపే అధికారం నాకుంది. పంపితే మళ్లీ మీటింగు, మళ్లీ ప్రసాద్ గారి అండీలు. విరగనీ, అప్పుడు తెలిసొస్తుంది వీళ్లకు అనుకున్నాను. ఆ ఊహ నాకు హాయిగా కూడా ఉంది. గోటీని దాని గుంటలో పెట్టేసి సంతకం చేశాను.

నాలుగు నెలలకు విరిగింది. ప్రసాద్ గారి చేతిలో మాత్రం కాదు.

మల్లేశ్ తొండుపల్లి మనిషి, నలభై దాటినవాడు. సొంతూళ్లో ట్రాక్టర్ రిపేరు షెడ్డు ఎత్తేసి మా దగ్గర చేరాడు. ఒక మధ్యాహ్నం విమానం పక్కనే ఒక బెల్ట్ లోడర్ టైరు దిగిపోతే, చక్రం మార్చడానికి అతన్ని పంపాను. ఇరవై నాలుగో నంబరు నట్టు బిగిస్తుండగా గోటీ మూడు ముక్కలైంది. ఒక ముక్క అతని కనుబొమ పైన చీరింది. రెండు ముక్కలు దొరికాయి, మూడోది లేదు. అది దొరికేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయకూడదన్నది నియమం. లోపల ప్రయాణికులు బెల్టులు పెట్టుకుని కూర్చున్నారు. బయట ఎండలో ఇరవై మందిమి వరుసగా నేల చూస్తూ నడిచాం. నలభై నిమిషాల తర్వాత అది చక్రం రిమ్ములో దొరికింది. విమానం ఆలస్యంగా వెళ్లింది.

విమానం ఆలస్యమైతే ఎవరో ఒకరిది తప్పు కావాలి. సరుకు పరీక్షించి అంగీకరించినదే కాబట్టి లోపం వాడకంలో ఉందని, మెకానిక్ పిడికి పైపు తొడిగి అతిగా బలం పెట్టి ఉంటాడని ప్రసాద్ గారు మెయిల్ రాశారు. నా సంతకం ఉన్న కాగితాన్ని దానికి జతచేశారు. మల్లేశ్ లోపలికి వచ్చే పాస్‌ను విచారణ అయ్యేదాకా ఆపేశారు. ఒకసారి రద్దయితే ఇక్కడి ఏ కంపెనీ కూడా అతన్ని తీసుకోదు.

మరునాడు నుదుటి మీద కట్టుతో మల్లేశ్ గేటు బయట నాకోసం నిలబడ్డాడు. "పైపు పెట్టలే అన్నా. ఒట్టి చేత్తోనే తిప్పిన. షెడ్డు తీసేస్తి, ఇగ పాస్ పోతే ఏడికి పోవాలె? మీరే జర చెప్పుండ్రి" అన్నాడు. చెప్తానన్నాను. ఏం చెప్పాలో తెలుసు. ఇంటికెళ్లి వెర్నియర్ తీసి సంచిలో పెట్టుకున్నాను.

మూడో రోజు విచారణ. సేఫ్టీ ఆఫీసర్ ఒకావిడ, నిదానస్తురాలు. ప్రసాద్ గారు, మల్లేశ్, నేను ఎదురుగా కూర్చున్నాం. ఇంకా వాడని పెట్టె ఒకటి తెప్పించి, అదే నంబరు గోటీ తీసి వెర్నియర్‌తో కొలిచి చూపించాను. పలుచటి వైపు గోడ మందం, అవతలి వైపులో సగం కూడా లేదు. ఆవిడ నమ్మకుండా ఇంకో రెండు పెట్టెలు తెప్పించి తనే కొలిచింది. అవీ అంతే. పైపు మాట అక్కడితో ఆగింది.

అప్పుడు ప్రసాద్ గారు, "ఇదంతా సంతకం పెట్టేముందు చూడాల్సింది కదండీ?" అన్నారు. ఆయన తన ఉద్యోగ జీవితంలో అడిగిన ఒకే ఒక్క మంచి ప్రశ్న అది.

చూశానని చెప్పాను. పలుచగా ఉందని తెలిసే సంతకం చేశానని చెప్పాను. ఎందుకని ఆఫీసర్ అడిగింది. నా మాట వినలేదన్న కోపంతోనని చెప్పాను. ఆ మాట రికార్డులో రాయాలా వద్దా అని ఆవిడ కాసేపు పెన్ను పట్టుకుని ఆలోచించి, రాసింది.

బయటికొచ్చాక మల్లేశ్ నా వైపు తిరిగాడు. నా పరువు తీసుకుని అతని పాస్ నిలబెట్టాను గదా, ఏదో ఒక మంచి మాట అంటాడనుకున్నాను.

"గది పల్గుతదని మీకు ముందుగాలనే ఎర్కనా అన్నా?"

అవునన్నాను.

"మరి నాకొక్క మాట చెప్తే ఏంబోయె? నా షెడ్డు గోటీలు ఇంట్ల ఊకెనే ఉన్నయి గద. నంబరు కొట్టిచ్చుకొని తెచ్చుకుంటుంటి."

హెల్మెట్ పెట్టుకుని బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయాడు. మళ్లీ డ్యూటీలో చేరాక నన్ను సార్ అనే పిలిచాడు.

నాకు వార్నింగ్ లెటర్ వచ్చింది. రావలసిన అసిస్టెంట్ మేనేజర్ పదవి రాలేదు, ఫోర్‌మన్‌గానే రిటైరయ్యాను. ప్రసాద్ గారు నా పంతొమ్మిది వస్తువుల జాబితాను తన పేరుతో పై ఆఫీసుకు పంపి మెప్పు పొందారు. జాబితా మంచిదే కాబట్టి ఆ మెప్పులో తప్పులేదు.

మంచి పానా ఎలా కొనాలని కుర్ర మెకానిక్‌లు ఇప్పటికీ ఫోన్ చేసి అడుగుతారు. వెర్నియర్, ఆకురాయి, కాస్త వెలుతురు చాలని చెప్తాను. నాసిరకం సరుకని తెలిసినవాడు దాన్ని వెనక్కి పంపాలి, లేదా వాడబోయేవాడికి చెప్పాలి. ఆ రెండూ చేయకుండా, విరిగితే చూద్దామని కూర్చున్నవాడు కొన్నవాడికంటే అధ్వాన్నం. ఆ గోడ పలుచనని ప్రసాద్ గారికి తెలియదు. నాకు తెలుసు.