జానెడు దూరపు లెన్సు

మంచిర్యాలలో నాకు ఫొటోగ్రఫీ నేర్పిన సార్, బొగ్గు గనిలో సర్వేయర్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన పెద్ద చెక్క కెమెరాలో అరచేయంత ఫిల్ముకు ఒక్క ఫొటోనే వస్తుంది. లెన్సు ఎంచుకునే ముందు, ఫిల్ము కొలతకు చిల్లు కోసిన అట్టను కంటి ముందు పట్టుకుని ముందుకూ వెనక్కూ జరిపేవారు. చిల్లులో కావలసినంత దృశ్యం ఇమిడినప్పుడు కంటికీ అట్టకూ మధ్య ఎంత దూరముంటే, అంత కొలత లెన్సు పెట్టాలి. ఎక్కువసార్లు అది కంటికి జానెడు దూరంలోనే ఆగేది. ఆ దూరానికి సరిపోయే రెండు వందల పది మిల్లీమీటర్ల లెన్సంటే ఆయనకు ప్రాణం.

ఓసారి, నేలను పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్ట్ గని కోసం ఖాళీ చేయబోతున్న పల్లెకు వెళ్లాం. ఒకే ఫిల్ము మిగిలింది.

"వైడ్ లెన్సు పెట్టుండ్రి సార్, ఊరంత వస్తది," అన్నాను.

"ఊరొస్తది. మనిషి చీమంత అయితడు. జర ఆగు," అని అట్ట జరిపి, నాలుగిళ్ల వరసను మాత్రమే తీశారు.

ఏడాది తర్వాత ఆ ఫొటో పట్టుకుని పునరావాస కాలనీకి వెళ్లాం. ఒకామె దాన్ని చూసి ఓ గడప మీద వేలు పెట్టింది.

"గిది మా ఇల్లు. అగో, మా బాపు కూసున్నడు! ఊరు ఇడవకముందే పానం ఇడిసిండు. గాయన ఫొటో ఒక్కటి గూడ లేదు మా తాన."

సార్ ఆ ఫొటోను ఆమెకే ఇచ్చేశారు.

"గా పెద్దమనిషి కదలకుండ కూసున్నడు. గందుకే అట్ట గాడ ఆపిన," అన్నారు తిరుగుదారిలో.

ఫొటో తీసిన రోజు ఆయన పక్కనే నిలబడి, నేను ఊరిని మాత్రమే చూశాను.