ఎదురుగా కూర్చుని తిన్న మేనత్త

నా చిన్నప్పుడు నాకు కేన్సర్ వచ్చింది, తగ్గింది. మా ఇంట్లో అందరూ ఆ రెండో మాటనే గట్టిగా చెప్పుకునేవారు. బెజవాడ గవర్నర్‌పేటలోని ఆసుపత్రిలో నెలల తరబడి ఎక్కించిన కీమో మందు కడుపులోని గడ్డను కరిగించింది. రాలిన జుట్టు మళ్లీ మొలిచింది. కొల్లేటి ఒడ్డున ఉన్న మా ఊరికి తిరిగొచ్చి బడికి కూడా వెళ్తున్నాను. అప్పుడు కాళ్లూ ముఖమూ ఉబ్బడం మొదలైంది. పరీక్షలన్నీ చూసిన డాక్టరుగారు నాన్నతో, "ప్రాణం నిలబెట్టిన మందేనండీ, కిడ్నీలను దెబ్బతీసింది. ఇక ఉప్పు బాగా తగ్గించాలి" అన్నారు.

చేపలు పట్టి, అమ్మి బతికే ఇల్లు మాది. ఎండుచేపో ఊరగాయో లేకుండా పూట గడిచేది కాదు. అలాంటి ఇంట్లో అమ్మ నా కోసం కూరగాయ ముక్కలు ఉడకబెట్టి, డాక్టరుగారు చెప్పినట్టే ఆ నీళ్లు వంపేసి, చప్పగా వండేది. నాకు ముందుగదిలో వడ్డించి, నడిమి తలుపు దగ్గరగా వేసేది. వెనక వసారాలో వాళ్లు గుట్టుగా తినేవారు. పులుసు వాసన మాత్రం దాచలేకపోయేవారు. తమ్ముడు నవ్వబోతే అమ్మ "ష్" అనడం వినిపించేది. నా మీద ప్రేమతోనే అలా చేశారు. అయినా ఆసుపత్రి మంచం మీద కూడా నాకు అంత ఒంటరిగా అనిపించలేదు. బతికొచ్చి వీళ్ల అన్నానికి అడ్డం పడ్డాననుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం మా మేనత్త వచ్చింది. ఊరూరా తిరిగి చేపలమ్మే మనిషి. గంప దించి, వసారాలో తనకు పెట్టిన కంచం ఎత్తుకుని, తలుపు తోసుకుంటూ వచ్చి నా ఎదురుగా చతికిలబడింది. కంచంలో కొరమీను పులుసు.

"వదినా, పిల్ల చూస్తది, ఇవతలికి రా" అని అమ్మ కంగారుపడింది.

"చూస్తే ఏమవుద్ది? దాక్కుని తినడానికి మనమేమన్నా దొంగతనం చేశామా?" అంది మేనత్త. ముద్ద కలుపుతూ నావైపు తిరిగింది. "నీ కూర ఎట్టా ఉందే?"

అన్నాళ్లూ ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు.

"చప్పగా ఉంది" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"ఉప్పు లేకపోతే చప్పగానే ఉంటది. నాదీ ఏం గొప్పగా లేదులే. మీ అమ్మ చింతపండంతా దీన్లోనే పిసికింది."

ఏడుస్తూనే నవ్వాను. ఆమె నాకు ఒక్క ముక్క కూడా పెట్టలేదు. జాలిపడి తన తిండీ మానుకోలేదు. బడి కబుర్లు అడుగుతూ, ముళ్లు తీసి పక్కన పెట్టుకుంటూ, తీరిగ్గా తిన్నది.

మర్నాడు తమ్ముడు తన కంచం తెచ్చుకుని నా పక్కన కూర్చున్నాడు. తర్వాత నాన్న వచ్చాడు. అమ్మ అందరికంటే ఆలస్యంగా వచ్చింది. వచ్చినా, మొదట్లో కంచం కొంగు చాటున పెట్టుకునే తిన్నది.

నా కిడ్నీలు మళ్లీ బాగుపడలేదు. సగమే పనిచేసే వాటితోనే యాభై దాటాను. మేనత్త పోయింది. బెజవాడలో ఒక్కదాన్నే ఉంటున్నాను, చాలా పూటలు నా ఎదురుగా ఎవరూ ఉండరు. తెలిసినవాళ్లు ఎవరైనా మంచాన పడ్డారంటే మాత్రం గుమ్మంలో పలకరించి రాను. భోజనం వేళకే వెళ్లి, వాళ్ల మంచం పక్కన కూర్చుని, నాకు పడేదేదో పెట్టించుకుని తింటాను. వాళ్లు నా కంచంలోకి చూస్తారు. చూడనిస్తాను.