ఊపిరితిత్తుల మీద ఇంటూ మార్కు

నేను జీవితంలో ఒకే ఒక్కసారి వేదికెక్కి గొప్పలు చెప్పుకున్నాను. దాని దెబ్బ మా నాన్న ఊపిరితిత్తుల మీద పడింది.

మాది ఖరగ్‌పూర్. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరాడు. నాన్న అక్కడే ఫిట్టరుగా చేరి, ఫిట్టరుగానే రిటైరై, నిమ్‌పురాలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. నేను చదువుల పేరుతో నాలుగు ఊళ్లు తిరిగి మళ్లీ ఇక్కడికే వచ్చి పడ్డాను. ఊరి అవతలున్న పెద్ద ఇంజనీరింగ్ సంస్థలో ఒక ల్యాబు నడుపుతున్నాను. కడుపులో ఉన్న బిడ్డకి ఊపిరితిత్తి ఎలా తయారవుతుందో తెలుసుకోవడం నా పని. ఉండేది క్యాంపస్ క్వార్టర్లో, ఆదివారాలు మాత్రం అమ్మ చేతి వంట.

తెలుగు సంఘం వాళ్లు హాల్లో నాకు సన్మానం పెట్టారు. మే నెల ఎండలో సిల్కు లాంటి శాలువా కప్పి మైకు చేతికిచ్చారు. నేను బుద్ధిగానే మొదలుపెట్టాను. మూలకణాలంటే ఇంకా ఏ ఉద్యోగంలోనూ చేరని కణాలనీ, వాటికి తగిన తిండి తగిన రోజున పెడితే ఊపిరితిత్తి కణాలుగా మారతాయనీ చెప్పాను. ఎవరూ వినడం లేదు. వెనక గదిలోంచి పులిహోర తాలింపు వాసన వస్తోంది, తలకాయలన్నీ అటే తిరిగి ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. పన్నెండేళ్ల నా కష్టం పులిహోరకి ఓడిపోవడమా అనుకుని, గొంతు పెంచి అనేశాను:

“మేము మా ల్యాబులో ఊపిరితిత్తులు పెంచుతున్నాం!”

తలకాయలన్నీ ఇటు తిరిగాయి. చప్పట్లు మోగాయి. ముందు వరసలో నాన్న దగ్గు వచ్చేదాకా చప్పట్లు కొట్టాడు. నాకు చాలా బాగుంది, అబద్ధమెందుకు చెప్పాలి.

ఆ రాత్రి నిమ్‌పురాలోనే పడుకున్నాను. మర్నాడు ఆదివారం. నేను పళ్లయినా తోముకోకముందే పక్కింటి పిన్ని వచ్చి కూర్చుంది. ఆవిడ భర్తకి ఆయాసం.

“రొండూ మార్సాలేటమ్మా, ఒకటి సరిపోద్దా?” అని అడిగింది.

“పిన్నీ, అవి మనుషులకి పెట్టేవి కావు. పరిశోధన.”

“అలాగే అంటారులే,” అని వెళ్లిపోయింది. కౌంటర్లో గుమాస్తా లేదన్నాడంటే మధ్యాహ్నం రమ్మన్నట్టని ఈ ఊళ్లో అందరికీ తెలుసు. తర్వాత రిటైరైన గార్డుగారు వచ్చి సీనియారిటీ లిస్టు ఉంటుందా అని అడిగారు. వీధి చివర టీ కొట్టు బెంగాలీ దాదా అయితే, “దీదీ, మేరా నామ్ భీ లిఖ్ లేనా,” అని తన పేరూ రాసుకోమని, టీ కప్పులో చక్కెర ఒక చెంచా ఎక్కువ వేశాడు.

నాన్న మాత్రం ఏమీ అడగలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

నాన్నకి దీర్ఘకాలపు ఆయాసం. బీడీలు అమ్మ మాన్పించి ఆరేళ్లయింది కానీ, అప్పటికే అవి చేయాల్సింది చేసేశాయి. ఛాతీ డాక్టరుగారు రెండు వస్తువులు ఇచ్చారు. ఒకటి రోజూ పొద్దునా సాయంత్రం పీల్చే మందు పంపు. రెండోది ఒక ప్లాస్టిక్ పరికరం. మూడు గొట్టాలు, మూడింట్లో మూడు బంతులు. పైపు నోట్లో పెట్టుకుని గాలి లోపలికి లాగితే బంతులు పైకి లేస్తాయి. పోయిన ఊపిరితిత్తి తిరిగి రాదనీ, ఉన్నదాన్ని ఈ రెండింటితో నిలుపుకోవాలనీ ఆయన నాన్నకీ నాకూ విడివిడిగా చెప్పారు.

సన్మానం అయిన మూడు నెలలకి నాన్నా నేనూ బజారు చేసుకుని స్టేషన్ ఓవర్‌బ్రిడ్జి మీదుగా వస్తున్నాం. ఇదివరకు ఆయన మధ్యలో ఒక్కసారి ఆగేవాడు. ఆ రోజు నాలుగుసార్లు ఆగాడు. ఆగిన ప్రతిసారీ రెయిలింగు పట్టుకుని, “ఆ బోగీ సక్రం సూడు, ఎలాగరిగిపోనాదో,” అని కింద రైలు చూపించాడు. నాలుగోసారి ఆగినప్పుడు కింద పట్టాల మీద రైలు లేదు. అయినా ఆయన చెయ్యి చాపే ఉంచాడు, మాట రాలేదు.

ఇంటికి వెళ్లగానే పంపు కోసం వెతికాను. హాల్లో షోకేసులో, కొయ్య బొమ్మల వెనక దొరికింది. పక్కనే మూడు బంతుల పరికరం. రెండింటి మీదా పసుపు పెయింటుతో పెద్ద ఇంటూ మార్కు.

ఆ మార్కు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. నాన్న పనిచేసిన చోట మరమ్మతుకి పనికిరాదని తేల్చిన సామాను మీద ఆ మార్కు వేసేవారు. దాన్ని ‘కండెం’ అనేవారు. కండెం అయిన సామానుకి ఎవరూ గ్రీజు పెట్టరు, నట్టు బిగించరు. స్టోర్సు నుంచి కొత్తది వచ్చేదాకా దాన్ని ఓ పక్కన పడేసి ఉంచుతారు. కండెం సామాను మీద చేతి శ్రమ ఖర్చుపెట్టేవాడు పని రానివాడని నాన్న లెక్క.

“నాన్నా, ఏమిటిది? పంపు బాగానే ఉంది కదా!”

“పంపు కాదమ్మా, లోపలి సామాను కండెం,” అని నాన్న ఛాతీ మీద వేలితో రెండుసార్లు కొట్టి చూపించాడు. “కొత్తది నువ్వు తయారు సేస్తన్నావు కదా. ఇంక దీనికి మందేటి, కసరత్తేటి? దండగ.”

అమ్మ వంటగదిలోంచి గరిటెతో సహా వచ్చింది. “ఎప్పుడొస్తాదో మన గుంటనడుగయ్యా అని నాను మొత్తుకున్నాను. పని మీదున్నోలిని తొందర పెడితే సామాను సరిగ్గా రాదన్నాడు. నీ బనీను మీద కూడా ఏసుకో ఆ మార్కు, పూర్తయిపోద్దని సెప్పినాను.”

మూడు నెలలు. మందు లేదు, కసరత్తు లేదు. నాకు ముందు కోపం వచ్చింది, దాని వెనకే భయం వచ్చింది. భయం బయటపడకుండా కోపాన్నే వాడుకుని చాలాసేపు అరిచాను. అరుస్తున్నంతసేపూ లోపల శాలువా కప్పుకున్న నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

“మేం పెంచేది గసగసమంత ఉంటుంది నాన్నా.”

“మొదటి శాంపిలు సిన్నదే ఉంటాది.”

“నీకు సరిపోయేది నా సర్వీసులో తయారవదు.”

“నువ్వు సేస్తావు.”

ఏం చెప్పమంటారు? నా వ్యాసాలు చదివి తప్పులు పట్టే పెద్దలు దేశదేశాల్లో ఉన్నారు. వాళ్లు నన్ను నమ్మరు, నమ్మించడానికి వాదించి వాదించి నాకు బాగా అలవాటైపోయింది. నన్ను పూర్తిగా నమ్మిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే. ఆ ఒక్కడి నమ్మకాన్నీ నా చేత్తో నేనే పగలగొట్టాలి, లేకపోతే ఆయన ఊపిరాడక పోతాడు.

చివరికి ఆయనే దారి చూపించాడు. “కళ్లతో సూడకుండా ఏ సామానూ నాను పాసూ సెయ్యలేదు, రిజెక్టూ సెయ్యలేదు. ఇన్‌స్పెక్షన్ పెట్టు.”

సోమవారం పొద్దున్నే టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కించి ల్యాబుకి తీసుకెళ్లాను. రిటైర్మెంటు రోజు తొడుక్కున్న చొక్కా, జేబులో పెన్ను, పెన్ను పక్కన స్టీలు స్కేలు. మా ల్యాబులో తెలంగాణ నుంచి వచ్చిన రీసెర్చ్ స్కాలరు ఒకమ్మాయి ఉంది. “నమస్తే అంకుల్, గీ కవర్లు చెప్పుల మీదకెల్లి ఏసుకోండ్రి,” అంది. నాన్న కవర్లు వేసుకుని, కణాల్ని వెచ్చగా ఉంచే పెట్టె తలుపుకి చెవి ఆనించి ఇంజను విన్నట్టు విన్నాడు. తర్వాత నేను ఒక పళ్లెం బయటికి తీశాను. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పళ్లెం, లోపల గులాబీ రంగు నీళ్లు.

“షర్బత్తేటి?”

“వాటి తిండి నాన్నా. ఇందులో చూడు.”

మైక్రోస్కోపులో చూశాడు. లోపల బోలుగా ఉన్న చిన్న చిన్న ఉండలు, కొన్నింటికి పక్కన మొటిమల్లాంటి మొలకలు. చాలాసేపు చూసి, తల ఎత్తి, స్కేలు తీసి పళ్లెం కింద పెట్టమన్నాడు. పెట్టాను. అన్నిటికన్నా దగ్గరగా ఉన్న రెండు గీతల మధ్య ఉండ మొత్తం మునిగిపోయి, ఇంకా చోటు మిగిలింది. నాన్న స్కేలు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆయన ముఖం చూడలేక నేను సింకు వైపు తిరిగి, శుభ్రంగా ఉన్న చేతుల్ని మళ్లీ కడుక్కున్నాను.

అప్పుడే మూలనున్న యంత్రం సుయ్ సుయ్ మంది. రబ్బరు పొర మీద కణాల్ని పెంచుతూ, కింద నుంచి గాలి లాగి ఆ పొరని సాగదీసి వదిలే యంత్రం అది. నాన్న నలభై ఏళ్లు బ్రేకుల గాలి గొట్టాలతో బతికినవాడు. ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది.

“లీకుంది!”

చేతులు కడుక్కునే సబ్బు నురుగు తెచ్చి, మేం వద్దంటున్నా వినకుండా, జాయింటు జాయింటుకీ పూసి బుడగ కోసం కాపలా కాశాడు. ఒక్క బుడగ రాలేదు. “లీకు లేదంకుల్, అది గట్లనే సప్పుడు జేస్తది,” అని మా స్కాలరమ్మాయి మెల్లగా గుడ్డ అందుకుంది. అరగంట తుడిచింది పాపం.

నాన్న స్టూలు మీద కూలబడ్డాడు. “అయితే దాన్ని అలాగెందుకు లాగతన్నారు?”

“కడుపులో బిడ్డ ఊపిరి సాధన చేస్తుంది నాన్నా. ఛాతీ కాసేపు ఎగిరి పడుతుంది, ఆగుతుంది, మళ్లీ మొదలెడుతుంది. ఆ లాగుడు ఉంటేనే ఊపిరితిత్తి సరిగ్గా ఎదుగుతుంది. ఇక్కడ బిడ్డ లేదు కాబట్టి మేం లాగుతున్నాం.”

“కడుపులో గాలెక్కడిది?”

“గాలి లేదు. ఊపిరితిత్తి నిండా నీళ్లే.”

“గాలి లేకండానే?”

“గాలి లేకుండానే. నెలల తరబడి.”

“నువ్వూ సేసినావా?”

“చేశాను. నువ్వూ చేశావు.”

“నాకు గురుతు లేదు,” అన్నాడు, నిజంగానే ఆలోచించి.

తిరిగి టోటో ఎక్కాం. ఇంటికి వచ్చాక అమ్మని కిరసనాయిలూ పాత గుడ్డా అడిగి, గడప మీద కూర్చుని, మూడు బంతుల పరికరం మీద ఇంటూ మార్కు రుద్దడం మొదలెట్టాడు. సగం పోయింది, సగం పోలేదు. పంపు కిరసనాయిలు కంపు కొట్టకముందే నేను లాక్కుని, మందుల షాపుకెళ్లి కొత్తది తెచ్చాను. వచ్చేసరికి పక్కింటి పిన్ని గుమ్మంలో ఉంది.

“కొత్తవి రావమ్మా,” నాన్న ఆవిడతో చెబుతున్నాడు. “నాను స్కేలెట్టి సూసినాను. మన కాలంలో రావు. పాతవే జాగర్తగా నడుపుకోవాల. మీ ఆయన్ని డాక్టరు కాడికి తీసుకెళ్లు.” ఆవిడ అటు తిరగగానే గొంతు తగ్గించి, “కానీ మా గుంట పని మంచిది. పాస్,” అన్నాడు. నేను వినలేదనుకున్నాడు.

ఇది జరిగి ఏడాది. నాన్న రోజూ పొద్దున పంపు పీల్చి, పరికరం ముందు కూర్చుంటాడు. మొదటి బంతి లేస్తుంది. రెండోది మంచి రోజుల్లో లేస్తుంది, ఆ రోజు అమ్మకి కేక వేసి చూపిస్తాడు. మొన్న ఆదివారం, ఈసారి ఏ గొప్పలూ లేకుండా, ఉన్నదున్నట్టు చెప్పాను.

“నాన్నా, మూడోది ఎప్పటికీ కదలకపోవచ్చు.”

“తెలుసులే,” అన్నాడు. పైపు గుడ్డతో తుడిచి మళ్లీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. “గాలి బొత్తిగా లేనోలే సేస్తన్నారు. నాకింకా కూసింత ఉన్నాది కదా.”