బెంగ కాదండి, ఉక్రోషం

ఆ పొద్దున చేపల బుట్ట నెత్తికెత్తుకోబోతే సత్తువ లేక జారిపోయింది. చేపలన్నీ ఇసకలో పడ్డాయి. అప్పటికి నా చంటిపిల్ల పోయి నెల. ముద్ద దిగడం మానేసి కూడా అంతే.

మాది అంతర్వేది దగ్గర పల్లె. మగాళ్ళు వేటకెళతారు, మేం చేపలమ్ముతాం. పిల్లకి జ్వరంగా ఉందంటే, "చేపలు పాడైపోతాయే, పిల్లని నేను చూసుకుంటాలే" అని అత్త నన్ను సంతకి పంపింది. తిరిగొచ్చేసరికి పిల్ల లేదు. ఏటి ఇసకలో పూడ్చేశారు కూడా! పసిపిల్లలు పోతే మాలో తల్లికి చూపించరు. చూస్తే తట్టుకోలేదట.

"పిల్ల మీద బెంగ పెట్టుకుంది" అంది అత్త. దానికి మా పల్లెలో ఒకటే మందు, పుట్టింటికి పంపడం. పడవెక్కించారు. అమ్మ ముద్దలు కలిపి పెట్టింది, కాస్త ఒళ్ళు చేశాను. బెంగ తీరిందని అందరూ మురిసిపోయారు. తిరిగొచ్చి అత్త గడప తొక్కానో లేదో, కళ్ళు తిరిగి పడ్డాను.

మా ఆయన నరసాపురం ధర్మాసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు గారు కంటి రెప్ప లాగి చూశారు, గుండె మీద గొట్టం పెట్టి విన్నారు. "ఫీవర్ లేదు. పల్స్ వీక్. అనీమియా, ఒంట్లో రక్తం లేదు. టానిక్ తాగమ్మా" అన్నారు. తాగిందంతా వాంతే. మళ్ళీ వెళితే, "దేనికమ్మా ఇంత బెంగ?" అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. "బెంగ కాదండి! బెంగంటే దగ్గర లేని మనిషి కోసం పడేది. నాది ఉక్రోషం. ఎదురుగా ఉన్న మనిషిని ఏమీ అనలేక మింగేది" అని భోరున ఏడ్చాను.

"మరి అనెయ్యకూడదూ?" అన్నారాయన.

ఇంటికొచ్చి అనేశాను. "నా పిల్ల మొహం నాకెందుకు చూపించలేదు అత్తా?"

వల బాగుచేస్తున్న చెయ్యి ఆగింది. "పోయిన నా ఇద్దరు పిల్లలవీ నాకెవరు చూపించారే?" అంది.

అంతే. తప్పయిందని ఆవిడ అనలేదు, నేనూ ఓదార్చలేదు. ఎందుకు ఓదార్చాలండి?

ఆ రాత్రి మాత్రం గంజి కడుపులో నిలిచింది. తరవాత టానిక్కూ ఇమిడింది. ఇప్పుడు బుట్ట మోస్తున్నాను, అత్తతో అవసరానికే మాట. మళ్ళీ నెల తప్పాను. ఈసారి పిల్లకి ఒళ్ళు వెచ్చబడితే బుట్ట గడప దాటదని ముందే చెప్పేశాను.

మీ ఇంట్లో ఆడది అన్నం మానేస్తే, బెంగ అని మీరే పేరు పెట్టి పడవెక్కించకండి. ఎవరి మీద కోపమో అడగండి. మీ మీదేనని చెప్పినా, లేచిపోకుండా కూర్చుని వినండి.