కడ్డీలు విప్పేసిన లోడరు

మా అక్క రోజూ సాయంత్రం బావ ఎడమ ముంజేతి మీద వేళ్లు ఆన్చి చూసేది. డయాలసిస్ కోసం విశాఖలో అక్కడ నరాలు కలిపి కుట్టారు. ముట్టుకుంటే లోపల గుర్రుమని కదిలేది. అది ఆగిపోతే రక్తం తీయడానికి దారి ఉండదని డాక్టరు ముందే చెప్పాడు. "ఉందిలే" అనుకుని అక్క పొయ్యి మీద ఎసరు పెట్టేది.

ఉద్దానంలో అందరికీ వచ్చినట్టే బావకీ కిడ్నీలు పోయాయి. నీళ్లన్నారు, ఇంకేదో అన్నారు. ఎందుకొచ్చిందో తెలియని రోగానికి ఎవర్ని తిట్టాలి?

బావకున్న ఆధారమల్లా ట్రాక్టరు, దాని ముందు లోడరు. కవిటి తోటల్లో కొబ్బరికాయలు లారీకి ఎత్తేవాడు. మామూలు లోడరులో బకెట్టుని మోసే ఇనప దూలాలు పైకి లేచేకొద్దీ అది డ్రైవరు వైపు వాలిపోతుంది. ఒక లివరుతో ఎత్తుతూనే రెండో లివరుతో దాన్ని ముందుకి వంచుతుండాలి. జబ్బు చేశాక బావ కుడి చెయ్యి వణికేది, అంత చురుగ్గా ఆడేది కాదు. అందుకే టెక్కలిలో ఒక షెడ్డువాడి చేత దూలాల పక్కన కడ్డీలు బిగించుకున్నాడు. దూలం లేస్తుంటే కడ్డీలే బకెట్టుని ముందుకి తోస్తాయి. ఎంత ఎత్తుకి పోయినా అది సమంగా ఉంటుంది, ఒక్క లివరు చాలు.

సుఖం ఊరికే రాదు కదా. కడ్డీల బరువు ముందు చక్రాల మీద పడి ఇసుకలో బండి దిగబడేది. అలాంటి చోట కాయలు తగ్గించి ఎత్తాలి. సీట్లోంచి బకెట్టు అంచు కనబడేది కాదు. ఇలాగైతే వేరే బండి చూసుకుంటానని కాయలు కొనే షావుకారు మొహం మీదే అనేశాడు. మర్నాడే బావ స్పానర్లు తీశాడు.

"ఏటి బావా, ఇప్పేత్తన్నావా? నీ సెయ్యి సంగతేటి?" అని కసిరాను.

"పని పోతే సెయ్యుండి ఏటి సేసుకోను?" అన్నాడు.

ఆ కోపం ఇప్పటికీ నాలో అలాగే ఉంది.

మా వైపు బుట్టయినా బకెట్టయినా అంచుకి పైన కుప్పగా పోస్తేనే నింపినట్టు. కడ్డీలున్నన్నాళ్లూ గట్టి నేల మీద కుప్ప పోసినా అది కదిలేది కాదు. కడ్డీలు విప్పేసిన రోజు కూడా కాయలు మోసే ఆడవాళ్లు అలవాటుగా కుప్ప పోశారు. వద్దనాలని వాళ్లకీ తోచలేదు, పక్కనే ఉన్న నాకూ తోచలేదు. దూలాలు లేచాయి, బకెట్టు వెనక్కి వాలింది, బావ చెయ్యి రెండో లివరు మీదికి ఆలస్యంగా వెళ్లింది. కాయలు దొర్లుకుంటూ వచ్చి సీటు మీద పడ్డాయి. బావ తల కాచుకోడానికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఎడమ చెయ్యి.

నెత్తురు రాలేదు. కొంచెం కమిలిందంతే. బతికిపోయావని అందరూ అన్నారు, నేనూ అన్నాను.

సాయంత్రం అక్క వేళ్లు ఆన్చింది. తీసి, కొంగుతో తుడుచుకుని మళ్లీ ఆన్చింది.

"ఉందా?" అన్నాడు బావ.

అక్క చెయ్యి తీయలేదు. ఆ పూట మా ఇంట్లో ఎసరు పెట్టలేదు.