గోడ మీద జమ్మి

దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి, కౌగిలించుకుని అలాయి బలాయి తీసుకోవడం మా స్టేషన్ ఘన్‌పూర్‌లో ఎవరూ తప్పించరు. మాటల్లేని వాళ్లు కూడా ఆ ఒక్కరోజు ఆకు ఇచ్చిపుచ్చుకుంటారు. ఆ దసరాకు నా టీబీ మందులు అయిపోయాయి, తెమడ పరీక్షలో ఏమీ లేదని దవాఖానలో చెప్పేశారు. కొత్త చీర కట్టుకొని మా యారాలికి, అంటే మా బావ భార్యకు, జమ్మి ఇవ్వబోయాను. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"గా గోడ మీద పెట్టు చెల్లె, తర్వాత తీస్కుంట" అంది, చుట్టాలందరి ముందు.

పెట్టాను. ఆమె తీయలేదు. మర్నాడు వాకిలి ఊడ్చి ఆ ఆకును చెత్తతో పాటు నేనే ఎత్తిపోశాను. నా కడుపు ఎంత మండిందో నాకే తెలుసు.

చలికాలంలో దవాఖాన వాళ్లు వచ్చి, టీబీ వచ్చిన ఇల్లని, నాకు తప్ప మా ఇంట్లో మిగతా అందరికీ ముంజేతికి పరీక్ష సూది వేశారు. రెండు రోజులకు ఒక్క మా యారాలికే చెయ్యి ఎర్రగా ఉబ్బింది. అత్త, జబ్బప్పుడు నాకు వేరుగా పెట్టిన పాత స్టీలు గ్లాసు తీసి ఆమె ముందు పెట్టింది. దాచుకోవడం ఎందుకు, నాకు పండగలా అనిపించింది.

ఎక్స్‌రేకు ఆమెకు తోడు నేనే పోయాను. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"నీకు జబ్బు లేదు, నీ నుంచి ఎవ్వరికీ అంటదు. ఎన్నడో ఆ క్రిమి లోపటికొచ్చింది. నెత్తుర్ల జ్ఞాపక కణాలని ఉంటయ్, అవి దాన్ని యాది పెట్టుకున్నయ్. సూదిల దాని ఆనవాలు దొరకంగనే గుర్తుపట్టి మీద పడ్డయ్, అందుకే గీ వాపు. క్రిమిని అణచిపెట్టేది గూడ అవే. అది మళ్ల లేవకుండ గోళీలు మింగు."

ఆటోలో మా యారాలు నా చెయ్యి పట్టుకుంది. నాకు జబ్బు వచ్చినప్పటి నుంచి నన్ను తాకని చెయ్యి అది.

"ఇంట్ల నువ్వే చెప్పు చెల్లె. నేను చెప్తె అత్త నమ్మదు."

"నాకు తగ్గినప్పుడు నువ్వు చెప్పినవా అక్కా?" అన్నాను.

ఇంట్లో ఆమె గోళీలు మింగాలని మాత్రం చెప్పాను. అంటదన్న మాట నోట్లోనే ఉంచుకున్నాను. నన్ను పాపిష్టిదని అనుకునేవాళ్లు అనుకోనీ.

మళ్లీ దసరా వచ్చింది. అప్పటికీ ఆ గ్లాసు ఆమెదే. పాలపిట్టను చూసి వచ్చి జమ్మి పంచుకుంటుంటే ఆమె అందరికంటే చివర నిలబడింది. నన్ను చూడగానే రెండు చేతులూ చాచింది. నేను నవ్వుతూ ఆకును పోయినేడు పెట్టిన చోటే, గోడ మీద పెట్టాను.

"తర్వాత తీస్కో అక్కా."

ఆమె అప్పుడే తీసుకుంది. కళ్లకద్దుకుని కొంగున ముడి వేసుకుంది. ఆ రోజుతో నా కడుపు చల్లబడుతుందనుకున్నాను. చల్లబడలేదు. అంటదని ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.